గంప దించుకునే జాగా

శ్రీకాకుళం పాత బజారులో మా వాళ్లు కట్టిన కాంప్లెక్సులోకి వెళ్తే లిఫ్టు పక్కన గోడకి నల్ల గ్రానైటు పలక ఒకటి కనిపిస్తుంది. ఈ స్థలంలో అంతకుముందున్న పాత మేడ చరిత్ర దాని మీద బంగారు రంగు అక్షరాలతో పదకొండు వరుసల్లో చెక్కి ఉంటుంది. అడుగున రాసినవారి పేరు ఉంటుంది. ఆ పేరు నాదే. ఆ పలక మీద ఉన్నది నమ్మకండి. రాసినదాన్ని నేనే చెబుతున్నాను కాబట్టి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

విజయనగరంలో ముప్పై రెండేళ్లు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యాను. వ్యాసంలో అసలు సంగతి వదిలేసి కొసరు సంగతులన్నీ రాసుకొచ్చిన పిల్లవాడికి మార్కులు కోసేసి, పైగా నాలుగు మాటలు అనేదాన్ని. ఆ లెక్కన ఆ పలకకి సున్నా వెయ్యాలి. పలక మీద చోటు చాలలేదన్నారు కనక కాగితం మీద రాస్తున్నాను. కాగితం చవక.

మేడ కట్టించింది మా తాతగారు. పలక మీదా అలాగే ఉంది, అంతవరకు నిజమే. ఆయన కిరాణా వ్యాపారి. ఉప్పు, చింతపండు, బెల్లం, ఎండుమిరప. చాలా ఏళ్లు అద్దె కొట్లో కూర్చుని, ఆ తర్వాత ఈ జాగా కొనుక్కుని మేడ మొదలుపెట్టారు. కింద కొట్లు, పైన గదులు, వీధి పొడుగునా మోకాలెత్తు అరుగు. గోడలు లేచాయి, దూలాలు ఎక్కాయి, ఇంక పైన మిద్దె వెయ్యాలి. అప్పట్లో మిద్దె అంటే సిమెంటు కాదు, గానుగ సున్నం. విజయనగరం వైపు నుంచి రావలసిన సున్నం బళ్లు నాగావళికి కాలం కాని కాలంలో వరదొచ్చి అవతలి ఒడ్డునే ఆగిపోయాయి. ముందున్నది వానాకాలం. మిద్దె పడకపోతే టేకు దూలాలన్నీ నానిపోతాయి. తాపీ మేస్త్రి చేతులెత్తేశాడు. మా తాతగారికి తిండి సహించలేదని మా నాయనమ్మ చెప్పేది.

అప్పుడు ఆ వీధిలో చేపలమ్ముకునే ఒకావిడ సంగతి విని, సముద్రపొడ్డున గుల్లలున్నాయి, కాల్చుకుంటే సున్నమే కదా అంది. శ్రీకూర్మం దాటి ఒడ్డున ఉండే పల్లె ఆమెది. మర్నాటి నుంచి ఆమె, ఆమెతోపాటు పల్లెలోని మరో పదిమంది ఆడవాళ్లు, చేపల గంపల్లో చేపలకి బదులు గుల్లలు మోసుకొచ్చారు. తెల్లారకుండా బయల్దేరి, నెత్తి మీద గంపతో, ఇసకలోనూ బురదలోనూ నడిచి. నలభై రోజులు. మేడ వెనక బట్టీ పెట్టి ఊకతో కాల్చారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి గానుగ పట్టి మిద్దె వేశారు. వాన మిద్దె మీదే పడింది, దూలాల మీద పడలేదు.

కూలి ఏ రోజుకారోజు ఇచ్చేశారు మా తాతగారు. అయినా పని పూర్తయ్యాక ఆవిడని పిలిచి, ఇంకేం కావాలో అడుగు అన్నారట. ఆమె అడిగింది మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మా నాయనమ్మ చేపలామె గొంతుతోనే చెప్పేది.

"కూలి ముట్టినాది బాబూ, ఇంకేటీ వొద్దు. ఈ బజార్న మాకు గంప దించుకోడానికి జాగా నేదు. ఎక్కడ దించినా లెగమంటారు."

మా తాతగారు తూర్పు వైపు అరుగు చూపించి, "ఈ మేడ నిలబడి ఉన్నంతకాలం ఈ అరుగు మీది. మిమ్మల్ని లెగమన్నవాడు నా వంశంలోవాడు కాడు" అన్నారు.

కాగితం లేదు, సాక్షుల్లేరు. మా ఇళ్లల్లో బయటివాళ్లతో ఎన్ని కాగితాలు రాయించుకున్నా, ఇంటిమనుషుల మధ్య, ఇచ్చిన మాట దగ్గర కాగితం అడగడం తప్పు. అడిగితే నిన్ను నమ్మడంలేదని మొహాన అన్నట్టే. ఆ పల్లెవాళ్లని మా తాతగారు ఆ లెక్కలోకి తీసుకున్నారన్నమాట. ఇది పలక మీద లేదు.

అరుగుతో పాటు ఇంకొకటి కూడా మొదలైంది. మా కొట్టు తలుపులు తీశాక మొదటి బోణీ చేపలావిడదే. ఎండు చేపల వ్యాపారానికి ఉప్పు కావాలి కదా, పొద్దున్నే రాగానే ఒక దోసెడు గళ్లుప్పు కొనేది. ఆవిడకంటే ముందు ఎంత పెద్ద బేరం వచ్చినా మా తాతగారు "కాస్త కూర్చోండి" అని బల్ల చూపించేవారు. ఇంట్లో ఎవరో అడిగారట, శుద్ధ శాకాహారులం, నీచు ముట్టిన చేత్తో బోణీ ఏమిటని. లక్ష్మీదేవి సముద్రంలో పుట్టింది, ఈవిడ ఆవిడ పుట్టింటి నుంచి వస్తోంది, మీకేమిటి బాధ అన్నారట ఆయన. 

నేను ఎరిగినప్పటికి ఆ మొదటి ఆవిడ పోయింది. ఆమె కోడలు అరుగెక్కింది. మేం పిల్లలం ఆవిడని గంపత్త అనేవాళ్లం. నల్లగా, పొట్టిగా, మెడ మాత్రం కర్రలా నిలబెట్టుకుని ఉండేది. నెత్తి మీద గంప ఉన్నా లేకపోయినా అంతే. నన్ను పాపమ్మా అని పిలిచేది. నా జుట్టు నెరిసినా ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. ఎండు నెత్తళ్ల వాసన మా కొట్టంతా నిండి ఉండేది. మా నాయనమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని సాంబ్రాణి వేసేది, ఆ కొంగు అడ్డంతోనే గంపత్తతో గంటసేపు కోడళ్ల కబుర్లు చెప్పేది. మధ్యాహ్నం అయ్యేసరికి గంపలు ఖాళీ. పల్లె ఆడవాళ్లే మా నూతిలో నీళ్లు తోడుకుని అరుగు శుభ్రంగా కడిగి వెళ్లేవారు. వాళ్లు కడిగినంత బాగా మా ఇంట్లో ఏ అరుగూ ఎవరూ కడగలేదు.

పైన గదుల సంగతి పలక మీద వివరంగా ఉంది. టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేదనీ, ఈ జిల్లా ఆఫీసుల్లో గుమస్తాలు సగం మంది అక్కడే నేర్చుకున్నారనీ. కొలను, హంసలు వేసిన తెర ఉన్న ఫొటో స్టూడియో. ఎప్పుడూ చెప్పిన రోజుకి జాకెట్టు ఇవ్వని దర్జీ. మెట్ల కింద ఎస్టీడీ బూత్, తర్వాత కేబుల్ టీవీ ఆఫీసు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు. ఒక్కొక్కరూ వచ్చారు, అద్దె కట్టారు, వెళ్లారు. ఏ అద్దే కట్టకుండా, ఎక్కడికీ వెళ్లకుండా, ఆ మేడ పుట్టక ముందు నుంచి ఉన్నది గంపలవాళ్లే. అసలు సంగతి వదిలేసి కొసరు రాయడం అంటే ఇదే.

మా నాన్నగారు ఉన్నన్నాళ్లూ అరుగు జోలికి ఎవరూ పోలేదు. ఆయన పోయాక కొట్టు అన్నయ్య చేతికి వచ్చింది. మేం ఇద్దరమే. అన్నయ్య చెడ్డవాడని నేను చెప్పను. చెడ్డవాడైతే ఇంత మంట ఉండేది కాదు, చెడ్డవాళ్లని చూసి ఎవరికీ ఒళ్లు మండదు, జాగ్రత్తపడతాం అంతే. నాకు అక్షరాలు దిద్దించినవాడు. గంపత్త ఒళ్లో కూర్చుని మరమరాలు తిన్నవాడు. ఇంటికి వెళ్లగానే మా నాయనమ్మ తలంటు పోసేది, అది వేరే సంగతి.

రాష్ట్రం విడిపోయే గొడవలు జరుగుతున్న రోజుల్లో అన్నయ్య విజయనగరం వచ్చాడు. మేడ పడగొట్టి నాలుగంతస్తుల కాంప్లెక్సు కట్టిస్తానన్నాడు, నా వాటా కింద పక్క సందు వైపు ఒక కొట్టు ఇస్తానన్నాడు. కాగితాల మీద నా సంతకం కావాలి. మేడ పోతుందంటే ఒప్పాలనిపించలేదు, కానీ దూలాలకి చెదలు పట్టిన మాట నిజం. కలం తీసుకుని ఒకే ఒక మాట అడిగాను.

"మరి గంపత్తవాళ్లు?"

"వాళ్లనేటి రోడ్డున పడేస్తానా? తూర్పు వేపు మెట్ల దగ్గర జాగా వదుల్తాను" అన్నాడు.

అది ఆ కాగితంలో రాయించు అని నేను అనాలి. అనలేదు. బడిలో మూడు దశాబ్దాలు, రాతపూర్వకంగా లేనిది లేనట్టే అని పిల్లలకి చెప్పినదాన్ని, సొంత అన్నయ్య దగ్గర నోరు మెదపలేదు. కోమటింటి పుటకలో ఇంత వెర్రితనం ఉంటుందని ఎవరైనా నమ్ముతారా? అన్నతో మాట చాలు, కాగితం అడిగితే పరువు తక్కువ అనుకున్నాను. సంతకం పెట్టి కాఫీ కూడా ఇచ్చాను. నా జన్మలో అంత తెలివితక్కువ కాఫీ ఇంకెవరికీ కలపలేదు.

కూలగొట్టే రోజున నేను వెళ్లాను. తలుపులూ కిటికీలూ తేలిగ్గానే వచ్చేశాయి. మిద్దె మాత్రం యంత్రానికి లొంగలేదు. రెండు రోజులు పట్టింది. యంత్రం నడిపే కుర్రాడు విసుక్కుని, ఇదేం సున్నమండీ అని అడిగాడు. అన్నయ్య పాతకాలం సరుకు అన్నాడు. రోడ్డవతల గంపత్త నిలబడి చూస్తోంది. తన అత్త మోసిన గుల్లలు పెళ్లలుగా ఊడి లారీ ఎక్కుతుంటే, ఒక పెళ్ల దగ్గరకి వెళ్లి కాలివేలితో తిరగేసి చూసింది. అందులో తెల్లటి గుల్లముక్క ఒకటి అలాగే ఉంది.  నేను మాత్రం నిశ్చింతగా చూస్తూ నిలబడ్డాను, వాళ్లకి కొత్త దాంట్లో జాగా ఉందనే ధీమా.

కాంప్లెక్సు లేస్తున్నంతకాలం పల్లె ఆడవాళ్లు రోడ్డవతల మురిక్కాలవ మీద వేసిన సిమెంటు పలకల మీద కూర్చున్నారు. ఎండ, దుమ్ము, ఆటోల హారన్లు. పదకొండు మంది కాస్తా అయిదుగురయ్యారు. మిగిలినవాళ్లు వేరే వూళ్ల సంతలకి పోయారనీ, ఒకామె ఎండదెబ్బ తగిలి అసలు మానేసిందనీ గంపత్త చెప్పింది. మేడ లేచాక మళ్లీ అరుగెక్కుతాం కదా పాపమ్మా అని నన్నే అడిగింది. అన్నయ్య మాటిచ్చాడని చెప్పాను. సంతోషంగా, పెద్దగా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక మీద వాతపెట్టుకోవాలనిపిస్తుంది.

కాంప్లెక్సు పూర్తయింది. తూర్పు వైపు మెట్లు వచ్చాయి. మెట్లకి అటు జనరేటరు, ఇటు స్కూటర్ల పార్కింగు. ఎటు చూసినా గంపంత జాగా లేదు. పరుగెత్తుకెళ్లి అన్నయ్యని అడిగాను. మునిసిపాలిటీ ప్లానులో అరుగు ఒప్పుకోలేదన్నాడు. మెట్ల పక్కన అన్నావు కదా అంటే, పై అంతస్తులో ఆసుపత్రి వాళ్లు వస్తున్నారు, వాసనైతే వాళ్లు అద్దెకి దిగరన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయి, చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"తాతగారు ఏటన్నారే? ఈ మేడ నిలబడి ఉన్నంతకాలం అన్నారు. మేడే లేదు కదా, మాటెక్కడుంది?"

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు. మేడని పడగొట్టినవాడే మేడ లేదంటున్నాడు! ఏరు దాటి తెప్ప తగలేసి, తెప్ప ఏది అని అడుగుతున్నాడు. ఆ మాటలో మొదటి సగం అంత బాగా గుర్తున్నవాడికి రెండో సగం గుర్తులేదా? లెగమన్నవాడు నా వంశంలోవాడు కాడు అన్నది ఏమైంది? అదే అడిగాను. నీకు ప్రతిదీ పాఠమేనే అని నవ్వేశాడు.

ఇంకొకటి తర్వాత తెలిసింది. గంపత్తని పుట్టిన దగ్గర్నుంచి "అత్తా" అని పిలిచినవాడు, ఆమె వచ్చి అరుగు సంగతి అడిగినప్పుడు "ఏమమ్మా, చెప్పాను కదా" అన్నాడట. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ మండింది. జాగా తీసేసుకోవడానికి ముందు వరస తీసేశాడు.

ఇంత జరిగాక, ప్రారంభోత్సవానికి నెల ముందు, మేడ చరిత్ర రాసిపెట్టమని నన్నే అడిగాడు. నేను మరో బుద్ధితో ఒప్పుకున్నాను. కాగితం మీద రాయించనందుకు కదా మోసపోయింది, ఇప్పుడు ఏకంగా రాతి మీద రాయిస్తాను, చెక్కాక ఎవడు కాదంటాడో చూస్తాను అనుకున్నాను. పద్నాలుగు వరుసలు రాశాను. వరద, గుల్లలు, నలభై రోజులు, గంప దించుకునే జాగా, మా తాతగారి మాట మొత్తం మూడు వరుసల్లో పట్టించాను. తిప్పి తిప్పి రాశాను. నా జీవితకాలంలో అంత మంచి తెలుగు రాయలేదు.

ప్రారంభోత్సవం పెద్ద నోట్లు రద్దయిన మరుసటి ఏడాది. పొద్దున్నే విజయనగరం నుంచి బస్సులో దిగి, తిన్నగా లిఫ్టు దగ్గరికి వెళ్లి పలక చూశాను. పదకొండు వరుసలు. ఆ మూడూ లేవు. వాటి స్థానంలో ఒక ముక్క: "ఎక్కడెక్కడి నుంచో మేలురకం సున్నం తెప్పించి". అడుగున నా పేరు. ఫోటోలు తీయించుకుంటున్న అన్నయ్యని పక్కకి లాగి అడిగితే, రాయి చిన్నది, పట్టలేదు, ఇవాళ గొడవ చెయ్యకు అన్నాడు. హంసల తెరకి చోటుందట. మనుషులకి లేదట.

గొడవ చేసేదాన్నే. కానీ అంతలో గుమ్మం ముందు కారు ఆగింది. అందులోంచి గంపత్త దిగింది.

అన్నయ్యే కారు పంపించాడు! కింది అంతస్తులో తన సూపర్ మార్కెట్ తెరుస్తున్నాడు కదా, మొదటి బోణీ ఆవిడ చేత చేయించాలట. మేడ లేదు, మాట లేదు, అరుగు లేదు, వరస లేదు, చేతివాసి మాత్రం కావాలి. మేడ పడగొట్టాక అన్నయ్య ఇంకో చోట పెట్టిన కొట్టు సరిగ్గా నడవలేదు. బోణీ మారింది కదా అందుకేనని భయం పట్టుకుంది. సిగ్గు లేకపోయినా భయం ఉంది మనిషికి.

గంపత్త ఉతికిన చీర కట్టుకుంది. నెత్తి మీద గంప ఉంది. డ్రైవరు గంప వద్దన్నాడట, గంప లేకపోతే నేను రానందట. గాజు తలుపు దగ్గర సెక్యూరిటీ మనిషి చెయ్యి అడ్డం పెట్టి వాసనొస్తోంది, గంప లోపలికి కుదరదు అన్నాడు. ఆవిడ వాడితో వాదించలేదు. గంప అలాగే నెత్తి మీద ఉంచుకుని, అటూ ఇటూ చూసి, నన్ను చూసింది. తలుపు పక్కనుంచి లిఫ్టు గోడ కనిపిస్తోంది.

"అదేటి పాపమ్మా, నల్లరాయి? మేడ కత రాసినావని సెప్పినారు. సదువు."

పక్కనే అన్నయ్య ఉన్నాడు. పిలిచిన పెద్దలున్నారు. నేను పలక వైపు తిరిగి చదివాను. మొదటి మూడు వరుసలూ ఉన్నవి ఉన్నట్టు. సున్నం దగ్గరికి వచ్చేసరికి, లేని మూడు వరుసలూ ఉన్నట్టే చదివాను. నేను రాసుకున్నవి కదా, తడుముకోలేదు. వరద, గుల్లలు, నలభై రోజులు, గంప దించుకోవడానికి అడిగిన జాగా, మా తాతగారు ఇచ్చిన మాట, రెండు సగాలూ. వంశం మాట దగ్గర గొంతు పెంచాను. అన్నయ్య మొహం ఎర్రబడింది. తర్వాత టైపు ఇన్‌స్టిట్యూటు నుంచి చివరిదాకా చదివి ఆపాను.

గంపత్త పలకని కింద నుంచి పైకి, పై నుంచి కిందకి చూసింది. ఆవిడకి చదువు రాదు. కానీ గంపలో ఎంత సరుకు పడుతుందో చూడగానే చెప్పగలిగిన మనిషి.

"సిన్న రాయే. ఇంత కత ఎలా పట్టినాది పాపమ్మా?"

 ఆమె కళ్లల్లో కోపం లేదు, నా మీద జాలి ఉంది. ఆ జాలికంటే చెంప పగలగొట్టినా బాగుండేది.

పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని తొందరపెట్టాడు. అన్నయ్య ముందుకొచ్చి, చాలా ఏళ్ల తర్వాత, "రా అత్తా, గంప అక్కడెక్కడో దించేసి లోపలికి రా" అన్నాడు.

"ఎక్కడ దించీది బాబూ?"

వాళ్ల అత్త మా తాతగారిని అడిగింది కూడా అదే. అన్నయ్య మెట్ల వైపు చూశాడు, జనరేటరు ఉంది. పార్కింగు వైపు చూశాడు, స్కూటర్లున్నాయి. ఆఖరికి రోడ్డు చూపించి, అక్కడ పెట్టు, మా మనిషి కాపలా ఉంటాడు అన్నాడు.

"రోడ్డు మీద దించీదానికి కారెందుకు బాబూ? రోజూ అక్కడే దించుతన్నాను కదా" అంది.

అని, మెడ కర్రలా నిలబెట్టుకుని, రోడ్డు దాటి, మురిక్కాలవ పలక మీద గంప దించుకుని కూర్చుంది. గట్టిగా ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ నేనే అన్నాను, పిలిచిన పెద్దలందరి ముందూ. అవి ఇక్కడ రాయను. నేను పాఠం చెప్పిన పిల్లలు కూడా దీన్ని చదువుతారేమో. ముహూర్తానికి మా వదిన చేత ఉప్పు ప్యాకెట్టు కొనిపించి బోణీ అయిందనిపించారు. సొంత కొట్లో సొంత పెళ్లాం చేత బోణీ!

ఆ మర్నాడు గంపత్త దగ్గరికి వెళ్లి, పక్క సందులో నా వాటా కొట్టు ఉంది, షట్టరు తీసి ఉంచుతాను, మీరంతా వచ్చి కూర్చోండి అన్నాను. నా పాపం కడుక్కుందామని. ఆమె ఒప్పుకోలేదు. "అది నీ కొట్టు. నీ దయ ఉన్నన్నాళ్లు కూకుంటాం, రేపు నువ్వు పోతే లెగమంటారు. మాకు జాగా మాటిచ్చి ఇచ్చినారు. దయకి ఇవ్వనేదు" అంది. అంటూనే ఒక చేత్తో నెత్తళ్లు కొలుస్తోంది.  ఆ కొట్టు ఈరోజుకీ మూసే ఉంది, ఎవరికీ అద్దెకివ్వలేదు.

పలక మార్చమని అన్నయ్యని నాలుగుసార్లు అడిగాను. పోనీ నా పేరైనా చెరిపించమన్నాను. పేరు చెరిపితే రాయి పాడైపోతుందన్నాడు. సరే, మాటలు అయిపోయాయి కదా అని ప్రతి సోమవారం విజయనగరంలో తొలి బస్సెక్కడం మొదలుపెట్టాను. వెళ్లి గంపత్త పక్కన, మురిక్కాలవ పలక మీద, అన్నయ్య గాజు కౌంటరుకి సరిగ్గా ఎదురుగా కూర్చుంటాను. మధ్యాహ్నం దాకా. షావుకారి మనవరాలు, జన్మలో గుడ్డు ముట్టనిది, ఎండు రొయ్యల గంపకి ఆనుకుని నడిబజారులో కూర్చుంటే జనం ఆగి అడుగుతారు. అడిగినవాళ్లకల్లా ఆ మూడు వరుసలూ చెబుతాను. గంపత్తకి మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత, నేను వచ్చిన రోజు బేరం బాగుందని ఒప్పుకుంది.

మూడో సోమవారం సెక్యూరిటీ మనిషి రోడ్డు దాటి ఒక కుర్చీ తెచ్చాడు. సూపర్ మార్కెట్‌ది, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, వెనక కొట్టు పేరు అచ్చువేసి ఉంది. అయ్యగారు మిమ్మల్ని కింద కూర్చోవద్దన్నారమ్మా, పరువు పోతోందన్నారు అని చెప్పి పెట్టి వెళ్లాడు. ఎదురుగా గాజు వెనక అన్నయ్య నిలబడి ఉన్నాడు. చెల్లెలు నేల మీద కూర్చుంటే చూడలేకపోయాడు పాపం. ఆ పక్కనే మూడేళ్లుగా కూర్చున్న మనిషి మాత్రం కంటికి ఆనలేదు.

నేను లేచి, ఆ కుర్చీని కౌంటరుకి ఎదురుగా తిప్పి, గంపత్త గంప ఎత్తి దాని మీద దించాను. సరిగ్గా పట్టింది. మళ్లీ ఆమె పక్కన పలక మీద కూర్చున్నాను. అప్పటి నుంచి గంప కుర్చీ మీదే ఉంటోంది. అన్నయ్య ఆ కుర్చీ ఇంతవరకూ వెనక్కి అడగలేదు. అడగమనండి.